ఎడమ చక్రంలో గాలి

ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోను చేస్తుంటారు. "మేడం, వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళ దగ్గర పని ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతారు. "వాళ్ళ బండి టైర్లు నొక్కి చూడమ్మా" అంటాను. కొందరు నవ్వుతారు. ముసలామె సరదాకు అంటోందనుకుంటారు. సరదా కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో నేను ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మా తాత బి.కొత్తకోట పక్కన కూలికి వేరుశనక్కాయలు పీకినవాడు. మా అమ్మ అదే ఆసుపత్రిలో ఆయా. పొద్దున్నే ఆసుపత్రి చాపెల్లో ప్రార్థన పాటలు పాడి, ఆ తర్వాత వార్డుల్లో బెడ్‌పాన్లు మోసేది. ఆమె చెయ్యి పట్టుకుని ఆ వరండాల్లో తిరిగిన పిల్లను కాబట్టి నాకు ఆసుపత్రి అంటే భయం ఉండేది కాదు. ఏ గదిలో ఏం చేస్తున్నారా అన్న ఆరా మాత్రం ఉండేది. ఉద్యోగంలో నాకు అక్కరకొచ్చిన గుణం అదొక్కటే. ఎప్పుడు ఏ పోస్టులో ఉన్నాను, ఎవరు ఎవరికంటే సీనియరు, అవన్నీ వదిలేస్తున్నాను. అవి ఎవరికీ పనికిరావు.

రెడ్డెమ్మ పుండు

చింతకాయలు రాల్చడానికి చెట్టెక్కి కిందపడి నడుము విరగ్గొట్టుకున్న మగవాళ్ళు మా వార్డుకు ఏటా వచ్చేవారు. రెడ్డెమ్మ మాత్రం కాయలు తెంపేసిన వేరుశనగ కట్టె లోడు మీద కూర్చుని వస్తూ ట్రాక్టరు మీద నుంచి పడింది. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. నడుము కింద కదలిక పోయింది, స్పర్శ పోయింది. కురబలకోట మండలంలో ఒక పల్లె ఆమెది. భర్త గంగులప్ప గొర్రెలు మేపుతాడు. పొద్దు పొడిచేసరికి మందను తోలుకుపోతే మళ్ళీ పొద్దుగూకాకే ఇంటికి రావడం.

రెడ్డెమ్మ పెళ్ళికి ముందు ఇంటర్ చదివింది. చేతులు బలంగా ఉన్నాయి, మాట తేటగా ఉంటుంది. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి వచ్చాక మదనపల్లెలో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఫోను తియ్యాలి, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడాలి. వాళ్ళ ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి ఆమే. ఊరి నుంచి బడికి అయిదారు కిలోమీటర్లు. బండిలోనే పోయి బండిలోనే వచ్చేది.

ఉద్యోగంలో చేరిన ఏడాది లోపలే పుండు పడింది, కూర్చునే ఎముక దగ్గర, ఎడమ వైపు. స్పర్శ లేనివాళ్ళకు ఇది పెద్ద శత్రువు. మనం కుర్చీలో కాసేపు కూర్చుంటే నొప్పి పుట్టి తెలియకుండానే అటూ ఇటూ కదులుతాం. వాళ్ళకు నొప్పి తెలియదు, కదలరు. ఎముకకూ సీటుకూ మధ్య చర్మం నలిగి చచ్చిపోతుంది. అందుకే అరగంటకోసారి రెండు చేతులూ ఊని ఒళ్ళు పైకి లేపమని నేర్పిస్తాం. రెడ్డెమ్మ అది తప్పకుండా చేసేది. ఆమె చెయ్యి ఊనే చోట సీటు రెక్సిన్ అరిగిపోవడం నేను చూశాను.

మొదటిసారి కట్లు కట్టి మాన్పాం. దిండు మార్చాం. కొన్ని నెలలకు అదే చోట మళ్ళీ వచ్చింది. ఇంకా మంచి దిండు తెప్పించాం. అయినా మూడోసారి వచ్చింది, ఈసారి లోతుగా.

మా సర్జన్ డాక్టర్ ప్రభుదాస్ గొప్ప పనిమంతుడు, ముక్కు మీద కోపం. పుండు చూసి చేతి తొడుగులు తీసి పారేస్తూ నాతో అన్నాడు: "ఇంకొంచెం పోతే ఎముక తగులుతుంది. అప్పుడు ఆపరేషన్, నెలల తరబడి బోర్లా పడక. ఆ బండి ఎక్కడం మానెయ్యమనండి. ఉద్యోగమా, ప్రాణమా?"

ఆయన వెళ్ళాక రెడ్డెమ్మ బోర్లా పడుకునే తల నా వైపు తిప్పింది.

"బండి మానేస్తే నేను ఇంట్లో పండుకోవల్ల కదమ్మా. పండుకున్నా పుండ్లు పడతాయని మీరే చెప్తిరి. యాడైనా పడేదే అయితే ఉద్యోగం చేసే తావునే పడనీండి."

ఒక ప్రశ్న మాత్రం నన్ను తొలచడం మొదలుపెట్టింది. కూర్చోవడం వల్లే పుండు పడితే రెండు వైపులా పడాలి. మూడుసార్లూ ఎడమే ఎందుకు?

సాయంత్రం చూసిన బండి

ఆమె వెన్ను వంగిందేమోనని ఎక్స్‌రే చూశాం. వంగలేదు. తుంటి ఎత్తుపల్లాలు కొలిచాను. తేడా లేదు. ఆసుపత్రి వరండాలో బండి మీద కూర్చోబెట్టి వెనక నుంచి చూశాను. నిటారుగా కూర్చుంది. మాకు వచ్చే రోగులందరూ పొద్దున ఓపీకే వస్తారు, రెడ్డెమ్మ కూడా అంతే. ఆ సంగతి ఎంత ముఖ్యమో నాకప్పటికి తెలియదు.

పుండు కాస్త మాని, డాక్టరుకు ఇష్టం లేకపోయినా ఆమె మళ్ళీ బడికి వెళ్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం నేను వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఇంట్లో దేని మీద కూర్చుంటుంది, స్నానం ఎక్కడ, మంచం ఎలాంటిది, అన్నీ కళ్ళతో చూద్దామని. ఆమె ఇంకా రాలేదు. వాళ్ళత్త నాకు కాఫీ ఇచ్చి గడపలో కూర్చోబెట్టింది. స్నానానికి మెత్తటి పట్టా, మంచానికి బూరుగుదూది పరుపు, ఎక్కడా తప్పు కనబడలేదు.

కాసేపటికి వీధి మలుపులో రెడ్డెమ్మ బండి కనిపించింది. దగ్గరికి వస్తున్న కొద్దీ ఏదో తేడాగా అనిపించింది.

"పక్కకు ఒరిగి కూర్చున్నావేమ్మా?" అన్నాను.

"ఒరగలేదే. నేరుగానే ఉండాను."

ఆమె నిజమే చెబుతోంది. నడుము కింద ఏమీ తెలియని మనిషికి తన సీటు వాలిందని ఎలా తెలుస్తుంది? కళ్ళూ భుజాలూ సరిచేసుకుని నిటారుగా ఉన్నాననే అనుకుంటుంది. నేను ఆమె భుజాల నుంచి చూపు దించుకుంటూ సీటు దాకా, సీటు నుంచి చక్రం దాకా వచ్చాను. ఎడమ వైపు వెనక చక్రం టైరు నేల మీద చపాతీలా పరుచుకుని ఉంది. వంగి నొక్కితే వేళ్ళకు రిమ్ము తగిలింది.

"ఎన్నాళ్ళుగా ఇట్లుంది?"

"అది ఎప్పుడూ ఉండేదే. పొద్దన్నే మా ఇంటాయన గాలి కొట్టి గొర్లు తోలకపోతాడు. సాయంత్రానికి దిగిపోతాది. బండి నడస్తాండాది కదా అని ఇడిసిపెడితిమి."

"పంచర్ వేయించరా?"

"వేయిస్తాం. నాలుగు దినాలకి మళ్ళా ఇంకో ముల్లు."

అక్కడే మట్టిలో గొంతుక్కూర్చుండిపోయాను. రోజూ మధ్యాహ్నానికి ఎడమ టైరు కూలబడుతుంది. సీటు ఎడమకు వాలుతుంది. ఒంటి బరువంతా ఎడమ ఎముక మీదికి జారుతుంది. ఇంటికి వచ్చేటప్పుడు రిమ్ము మీద దెబ్బ మీద దెబ్బ. మర్నాడు పొద్దున గంగులప్ప గాలి కొడతాడు, బండి నిటారవుతుంది, మా వరండాకు వచ్చినప్పుడు అంతా బాగానే కనబడుతుంది.

పెద్ద డాక్టరు బండెక్కడం

మర్నాడు డాక్టర్ ప్రభుదాస్‌కు చెప్పాను. ఆయన కాగితాల మీద నుంచి తల ఎత్తలేదు.

"టైరులో గాలి తక్కువైతే పుండు పడుతుందని ఏ పుస్తకంలో ఉందమ్మా?"

"ఏ పుస్తకంలోనూ లేదు డాక్టర్. కింద షెడ్డులో అలాంటి బండే ఒకటి ఉంది. ఒక్కసారి వచ్చి కూర్చోండి."

ఆయన వస్తాడని నేననుకోలేదు. వచ్చాడు. తెల్లకోటు విప్పి నాకిచ్చి బండెక్కాడు. రెండు అరచేతులూ రెండు పిరుదుల కింద, సరిగ్గా ఎముకలు ఆనే చోట పెట్టుకోమన్నాను. నేను ఎడమ టైరు వాల్వు వదులు చేశాను. బుస్సుమని గాలి పోయింది.

"ఎడమ చెయ్యి నలుగుతోంది" అన్నాడు. తర్వాత, "కుడి చెయ్యి ఊరికే తీసేయొచ్చు" అని తీసి చూపించాడు. దిగలేదు. టీ అక్కడికే తెప్పించుకుని, చెయ్యి తిమ్మిరెక్కేదాకా కూర్చున్నాడు. వరండాలోంచి రోగులు వింతగా చూస్తున్నారు.

నేను చెప్పింది నిజమని ఆయన ఎప్పుడూ నోటితో ఒప్పుకోలేదు. కానీ ఆ వారం నుంచి రౌండ్సులో వెన్నెముక రోగి ఎవరు కనిపించినా "బండి గాలి చూశారా?" అని నర్సుల్ని గదమాయించడం మొదలుపెట్టాడు. అలాంటి పెద్దల దగ్గర పనిచేసే పిల్లలకు నేను చెప్పేదొకటే. వాదించకండి, తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. ఇంకో మాట కూడా చెప్పాలి. పుండు గురించి ఆయన భయం నూటికి నూరుపాళ్ళు న్యాయమైంది. ఈసారి పూర్తిగా మానేదాకా రెడ్డెమ్మను కూర్చోనివ్వకూడదని పట్టుబట్టాడు. అందులో నేనూ ఆయన పక్షమే.

ఆమె మళ్ళీ బోర్లా పడుకుంది. ఉద్యోగం పోతుందని నేను లోలోపల భయపడ్డాను. హెడ్మిస్ట్రెస్ చూడటానికి వచ్చినప్పుడు రెడ్డెమ్మే అడిగింది: "మేడం, ఫోను తీసేదానికి కూర్చోవల్లనా?" హెడ్మిస్ట్రెస్ ఆలోచించి, బడి ఫోను రెడ్డెమ్మ సెల్‌కు మళ్ళించింది. అలా వార్డులో బోర్లా పడుకుని, గడ్డం దిండుకు ఆనించి, "నమస్కారం, స్కూలు ఆఫీసు" అని ఆమె అడ్మిషన్ల సంగతులు చెబుతుంటే పక్క మంచాలవాళ్ళు గొంతు తగ్గించేవారు.

ముల్లు ఎక్కడిది?

పుండు మానింది. ఇప్పుడు అసలు ప్రశ్న. కుడి చక్రానికి పడని పంచర్లు ఎడమ చక్రానికే ఎందుకు పడుతున్నాయి?

నేను స్కూటీ మీద ఆమె వెనకాలే నెమ్మదిగా వెళ్ళాను. ఊరి మొదట్లోనే సంగతి అర్థమైంది. వెనక నుంచి టమాటా లారీ హారన్ వినబడగానే ఆమె బండిని ఎడమకు దించేస్తుంది. ముందు చక్రం, కుడి చక్రం తారు మీదే ఉంటాయి. ఎడమ చక్రం మాత్రం మట్టిలో పోతుంది. ఆ అంచు నిండా సర్కారు తుమ్మ ముళ్ళు. కంచెలకు కొట్టి లాక్కుపోయినప్పుడు రాలినవి. వానలు పడ్డాక వాటికి పల్లేరుకాయలు తోడు.

"లారీ చానా దూరంలో ఉందమ్మా. అంత తొందరగా దిగిపోతావెందుకు?" అన్నాను.

"వెనక్కి తిరిగి సూసేదానికి నా నడుము తిరగదు కదా. ఎంత దూరంలో ఉండాదో నాకెట్ల తెలస్తాది? సద్దు ఇంటే దిగేసేదే."

అందరం టైరును చూస్తున్నాం. లోపం చూపులో ఉంది. పాత స్కూటరు అద్దం ఒకటి హ్యాండిల్ పక్కన బిగించాం. వెనక ఎత్తుగా ఎర్ర గుడ్డ జెండా కట్టాం. అద్దంలో లారీ కనబడుతుంటే, అది నిజంగా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రమే దిగేది. ముళ్ళు సగానికి సగం తగ్గిపోయాయి.

మిగతా సగం కోసం బస్టాండు దగ్గర పంచర్ షాపు బాషా, నేను, రెడ్డెమ్మ చాలా తంటాలు పడ్డాం. ముందు గాలి అక్కరలేని గట్టి రబ్బరు టైర్లు వేయించాం. పంచర్ అనే మాటే ఉండదని బాషా, నేను పొంగిపోయాం. కొన్నాళ్ళకే రెడ్డెమ్మ వచ్చింది.

"ఇవి పీకేయండమ్మా. గుంతలో పడితే నా కాళ్ళు వాటంతట అవే ఎగిరెగిరి పడతాండాయి. ఒకసారి చక్రంలోకే పోయినంత పని అయింది."

గాలి లేని టైరు రోడ్డు దెబ్బలన్నిటినీ ఒంట్లోకి పంపుతుంది. ఆ కుదుపుకు చచ్చుబడిన కాళ్ళలో ఈడ్పులు వస్తాయి. పంచర్ పోయి పుండు మిగిలే బేరం అది. తీసేశాం. చదునైన ఆసుపత్రి నేల మీద తిరిగే కుర్చీకైతే అవి బాగుంటాయి. మన పల్లె దారులకు పనికిరావు.

చివరికి నిలిచినవి చిన్న పనులే. పాత ట్యూబును నిలువునా చీల్చి టైరుకూ కొత్త ట్యూబుకూ మధ్య పట్టీలా పరచడం. ఇల్లు చేరగానే చక్రం చుట్టూ చూసి, గుచ్చుకున్న ముల్లు లోపలికి దిగకముందే పీకేయడం. నాలుగు రోజులకోసారి పంచర్ ఎందుకవుతోందో కూడా తెలిసింది. ట్యూబుకు అతుకు వేసేవాళ్ళు టైరులో విరిగి ఉండిపోయిన ముల్లు కొనను వెతకడం లేదు. అదే ముల్లు మళ్ళీ మళ్ళీ పొడుస్తోంది. టైరు లోపల దూది ఉండతో తుడిస్తే దూది ఎక్కడ చిక్కుకుంటుందో అక్కడ ముల్లు. వేలితో మాత్రం తడమొద్దు. కుష్టు వల్ల వేళ్ళ స్పర్శ పోయినవాళ్ళు కూడా మా దగ్గరకు వచ్చేవారు. వాళ్ళ విషయంలో ఈ దూది మరీ ముఖ్యం.

దారిలో ఒక్కతే

ఎంత చేసినా ఏదో ఒక రోజు పంచర్ పడుతుంది. అప్పుడేం చెయ్యాలి? కాళ్ళున్న మనిషి సైకిలు నడిపించుకుంటూ పోతాడు. రెడ్డెమ్మ ఏం చేస్తుంది?

ఆసుపత్రి వరండాలో నెల పైగా దాని మీద పనిచేశాం. సీటు మీద నుంచి కాళ్ళు పెట్టుకునే పలక మీదికి, అక్కడి నుంచి చిన్న చెక్క పెట్టె మీదికి, పెట్టె మీద నుంచి నేల మీదికి దిగడం. మళ్ళీ అదే వరసలో ఎక్కడం. దిగడం తొందరగానే వచ్చింది, ఎక్కడానికే చాలా రోజులు పట్టింది. కింద దిండు వేసుకుని కూర్చుని, ఇరుసు కింద రాయి దూర్చి, చక్రం ఊడదీయకుండానే టైరు ఒక పక్క విప్పి ట్యూబు బయటికి లాగడం బాషా చూపించాడు.

గాలి పంపు దగ్గర ఆగిపోయాం. పంపు అడుగున పాదాలతో తొక్కిపట్టే ఇనుప రెక్కలుంటాయి కదా. తొక్కిపట్టే కాళ్ళు ఏవీ? నేను అన్నేళ్ళుగా పంపును చూస్తున్నాను, అది కాళ్ళున్నవాళ్ళ కోసం చేసిన వస్తువని ఏనాడూ తట్టలేదు. బండి పలక మీద రెండు ఇనుప కొక్కేలు వెల్డింగ్ చేయించి, రెక్కలు వాటి కింద దూరేలా పెట్టాం. సీట్లో కూర్చునే రెండు చేతులతో గాలి కొట్టొచ్చు.

కొద్ది రోజులకే దారిలో పంచర్ పడింది. సాయంత్రం ఆమె ఫోను చేసి జరిగింది చెప్పింది.

"అన్నీ సరిగ్గానే చేసినానమ్మా. సొల్యూషన్ మూత తీస్తే లోపల ఎండిపోయి రాయి అయిపోయి ఉండాది."

ఒకసారి తెరిచిన సొల్యూషన్ జిగురు వాడకపోయినా కొన్ని నెలల్లో ఎండిపోతుంది. అది అప్పుడు తెలిసింది.

"మరేం చేశావు?"

"మీరు చెప్పిందే. బండి కన్నా ముందు నన్ను సూసుకున్నా. కానుగ చెట్టు కింద నీడ ఉండాది. దిండు ఏసుకుని బోర్లా పండుకుని మా ఊరి ఆటో అబ్బాయికి ఫోను కొట్టినా. దారిన పోయేటోళ్ళంతా చేరినారు. 'ఏమ్మా, పడిపోయినావా?' అంటారు. 'లేదన్నా, పడిపోయింది బండే, నేను పండుకోనుండాను' అంటే ఎవురూ నమ్మలేదు. ఒకాయన నీళ్ళు తెచ్చి మొగాన చల్లబోయినాడు."

నాకు నవ్వొచ్చింది, ఆమెకూ వచ్చింది. నేర్పినదాంట్లో అన్నిటికంటే విలువైంది ఆమె చేసి చూపించింది. ఎండలో కాలిన రెక్సిన్ మీద గంటల తరబడి ఎవరో వస్తారని కూర్చోవడమే అసలు ప్రమాదం. ట్యూబుకు పడిన చిల్లు అరగంటలో పూడుతుంది. ఒంటికి పడిన చిల్లుకు అర్ధ సంవత్సరం కావాలి.

ఆ తర్వాతి పంచర్‌ను ఆమె రోడ్డు పక్కన కూర్చుని తానే వేసుకుని బడికి వెళ్ళింది. నాకు ఫోను కూడా చేయలేదు. హెడ్మిస్ట్రెస్ ఎప్పుడో మాటల్లో చెబితే తెలిసింది.

పుంగనూరులో ఒక ప్రశ్న

పుంగనూరులో ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు మూడు చక్రాల బండ్లు పంచుతూ కొలతలు చూడటానికి నన్ను పిలిచారు. షామియానా, మైకు, పూలదండలు. బండ్లు కొత్తగా మెరుస్తున్నాయి. ఒక్కదానికీ పంపు లేదు.

"ఎక్కడ చూసినా సైకిలు షాపులున్నాయి కదమ్మా?" అన్నాడు నిర్వాహకుడు. చెడ్డవాడు కాదు, వేదిక పనుల్లో తలమునకలుగా ఉన్నాడు.

నేను వరసలో కూర్చున్న సదుం వైపు ఆమెను అడిగాను. "మీ ఊర్లో పంచర్ షాపు యాడుందమ్మా?"

"మా ఊర్లో యాడిది? సదుంలో ఉండాది. రెండు మైళ్ళు పోవల్ల."

"పంచర్ పడితే?"

"ఎవురన్నా బండి మోసకపోవల్ల. బండినీ నన్నూ మోసేటోళ్ళే ఉంటే నాకు బండి యాల?"

ఆ నిర్వాహకుడు పక్కనే నిలబడి విన్నాడు. కాసేపు తల గోక్కున్నాడు. ఆ నెలలోనే అన్ని బండ్లకూ పంపులు పంపించాడు, కాలితో తొక్కిపట్టే మామూలు పంపులు. కొక్కేల సంగతి చెప్పడానికి నేను మళ్ళీ పుంగనూరు వెళ్ళాల్సి వచ్చింది. ఉదారంగా ఇచ్చేవాళ్ళ మీద నాకు గౌరవమే. కానీ ఫొటో తీసిన రోజున ఏ బండైనా బాగానే నడుస్తుంది. ఆ తర్వాతి వానాకాలంలో అది ఎక్కడుందో చూస్తేనే ఇచ్చినట్టు లెక్క.

కుప్పంలో కృష్ణప్ప

నా ఉద్యోగం చివరి రోజుల్లో కుప్పంలో వారానికోసారి క్లినిక్ పెట్టేవాళ్ళం. అక్కడ బండ్లూ సైకిళ్ళూ తొక్కే వికలాంగుల్ని పిలిచి ఒక పూట పంచర్ల గురించి చెబుదామనుకున్నాను. చెప్పేది నేను కాదు, రెడ్డెమ్మ. బడికి సెలవు పెట్టి, ఒక చక్రాల కుర్చీ వేసుకుని ఆసుపత్రి జీపులో నాతో వచ్చింది.

చర్చి హాలులో నేల మీద చాపలు పరిచాం. రెడ్డెమ్మ కుర్చీ దిగి, చాప మీద దిండు వేసుకుని కూర్చుని ట్యూబు లాగి, గరుకు కాగితంతో రుద్ది, అతుకు వేసి చూపించింది. అందరూ ముందుకు వంగి చూస్తున్నారు. వెనక గోడకు ఆనుకుని ఒకాయన మాత్రం చూడటం లేదు. పేరు కృష్ణప్ప. చెరుకు గానుగలో పడి ఎడమ చెయ్యి మోచేతి కింద నుంచి పోయింది. మామూలు సైకిలు ఒంటిచేత్తో తొక్కుతూ పట్టుపురుగుల గూళ్ళు మార్కెట్టుకు వేస్తాడు. గూళ్ళు ఆలస్యమైతే పురుగు లోపలి నుంచి కొరుక్కుని బయటికొచ్చేస్తుంది, ధర పలకదు. దారిలో పంచర్ పడితే ఆయనకు అంత నష్టం.

"నీకేమమ్మా, రెండు చేతులుండాయి" అన్నాడు. "ఒంటి సెయ్యోనికి ఇవన్నీ యాల?"

రెడ్డెమ్మ నొచ్చుకుంటుందనుకున్నాను. ఆమె ట్యూబు పక్కన పెట్టి ఆయన వైపు ఆసక్తిగా చూసింది.

"అవునప్పా. నీకెట్ల కుదరతాదో నాకు తెలీదు. ఈడికొచ్చి కూర్చో, సూస్తాం. నీ కాళ్ళు బాగా పని చేస్తాయా?"

"కాళ్ళకేమి, పరిగెత్తతాను."

"అట్లయితే నాకన్నా నీకే వేళ్ళు ఎక్కువ. చెప్పులు ఇడువు."

ఆయన అనుమానంగానే చెప్పులు విడిచి వచ్చాడు. ఆ తర్వాత గంటన్నర సేపు మేమెవ్వరం మధ్యలో కల్పించుకోలేదు. తన సైకిలు నుంచి ఊడదీసిన చక్రాన్ని రెండు మడమల మధ్య బిగించాడు. ఇనుప పట్టీతో టైరు అంచు లేపాడు. లేపిన చోటు మళ్ళీ లోపలికి జారిపోతోంది. రెండో పట్టీ పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు.

"మొదటి పట్టీని చువ్వకి తాడుతో కట్టు" అంది రెడ్డెమ్మ.

"తాడు కట్టేదానికి రెండు చేతులు కావల్ల కదా."

"అవునే" అని ఆమె కూడా తల పట్టుకుంది. చివరికి ఆయనే పట్టీ కొనను కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య ఇరికించి నొక్కిపట్టాడు. టైరు విప్పుకుంది. ట్యూబును తొడ మీద పరిచి, కత్తిరించిన మోచేతి మొనతో అదిమిపట్టి గరుకు కాగితం రుద్దాడు. సొల్యూషన్ మూత పళ్ళతో తియ్యబోతే ఆమె వద్దని, కాలివేళ్ళ మధ్య ఇరికించి తిప్పమంది. అతుకు వేశాక పైన మోచేతి మొననే ఊని బరువంతా వేశాడు. గాలి కొట్టేటప్పుడు ఒంటిచేత్తో పంపు కడ్డీ వంకర పోతుంటే, పిడికి రెండో పక్కన మోచేతి మొన ఊనమని ఎవరో అన్నారు. అది కుదిరింది.

ట్యూబును నీళ్ళ బకెట్లో ముంచాం. అందరం చుట్టూ చేరి చూశాం. ఒక్క బుడగ లేదు.

కృష్ణప్ప ట్యూబు దోపి, టైరు ఎక్కించి, చక్రం సైకిలుకు బిగించుకుని, "ఒక రవుండు ఏసి సూసొస్తా" అని బయటికి తీశాడు.

మేం మిగతావాళ్ళ బండ్లు చూస్తూ ఉండిపోయాం. భోజనాల వేళ అయింది. కృష్ణప్ప రాలేదు. మేమిద్దరం తప్ప అందరూ తినేశారు. ఆయన రాలేదు. వేసిన అతుకు ఊడి ఎక్కడ పడ్డాడో అని భయమేసి, పేర్లు రాసుకున్నప్పుడు ఇచ్చిన నంబరుకు ఫోను చేశాను. చాలాసేపు మోగాక తీశాడు. వెనక కోళ్ళ అరుపులు.

"కృష్ణప్పా, ఎక్కడున్నావప్పా?"

"ఇంట్లో ఉండాను."

"వెనక్కి రాలేదే?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "యాలమ్మా రావల్ల? సైకిలు బాగుండాది కదా. గూళ్ళు దింపే పని ఉండాది."

ఫోను పెట్టేసి రెడ్డెమ్మకు చెప్పాను. ఆమె చక్రాల కుర్చీలో చేతులూని ఒళ్ళు ఒకసారి పైకి లేపి, మళ్ళీ కూర్చుంది.

"పోనీండి. ఆయప్పకు పెట్టిన అన్నం మిగిలిపోయిండాది. మనమింకా తినలేదు కదా" అంది.

ఆ విస్తరి మధ్యలో పెట్టుకుని ఇద్దరం తిన్నాం.